శీతల పెట్టె – ఎర్తు తీగ

గ్రామపెద్దలారా, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పల్లె దుకాణములకును శీతల పెట్టెలు వచ్చినవి. వానిని నెలకొల్పు విధము వినుడు.

బండిలో పరుండబెట్టి తెచ్చిన పెట్టెను దింపిన వెంటనే నడుపరాదు. కంప్రెసరులోని నూనె గొట్టములలోనికి జారియుండును. అది మరలివచ్చుటకు పెట్టెను ఒక దినము నిలువుగా ఉంచవలెను. వెనుక గాలి యాడుటకు జానెడు చోటు విడువుడు. ఖాళీ పెట్టె చల్లబడిన పిమ్మటనే సరకు నింపుడు. కరెంటు పోయి వచ్చినచో, లోని ఒత్తిడి సర్దుకొనుటకు 5 నిమిషములు ఆగి నడుపుడు.

అన్నిటికంటె ముఖ్యము ఎర్తు. లోపలి తీగ చెడి రేకునకు 230 వోల్టుల విద్యుత్తు సోకినచో, దానిని భూమిలోనికి కొనిపోవునది ఎర్తు తీగయే. ప్లగ్గులోని పెద్దముల్లు దానిదే. ఆ ముల్లు విరిచినవాడు, తడికాళ్లతో వచ్చి పెట్టెను తాకు పసివాని ప్రాణమునకు ముప్పు తెచ్చినవాడే. దుకాణదారుడు స్విచ్చి వేయకమున్నే, “నాయనా, ఎర్తు ఉన్నదా?” యని అడుగుడు.