హైబ్రిడ్ వాహనములు: ఆపదవేళ మన కర్తవ్యము



చరోదాలో యంత్రములను గురించి ప్రసంగించుట హనుమంతుని ముందు కుప్పిగంతులు వేయుటయే. భిలాయి మార్షలింగు యార్డు, విద్యుత్ లోకో షెడ్డు మన ఇండ్ల చెంతనే యున్నవి. మన కుటుంబములలో పెక్కింటికి ఆ యింజనులే జీవనాధారము. కావున నేడు మన వీధులలోనికి వచ్చుచున్న హైబ్రిడ్ కారులను రైలు సామ్యముతోనే వివరించుటకు యత్నింతును.

డీజిలు రైలింజనులో డీజిలు యంత్రము చక్రములను నేరుగా త్రిప్పదు. అది విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తు ఇరుసుల కడనున్న మోటారులను త్రిప్పును. హైబ్రిడ్ కారునందును యంత్రము, మోటారు రెండును కలవు. అయితే ఇందు విద్యుత్తును దాచుకొనుటకు పెద్ద బ్యాటరీ యుండును. పెట్రోలు యంత్రము చాలా కారులలో చక్రములను నేరుగా కూడ నడుపగలదు. బండి కదలునపుడు మోటారు పనిచేయును. వేగము హెచ్చినపుడు యంత్రము తోడుపడును. బ్రేకు వేసినపుడు మోటారే జనరేటరై, వేడిగా వృథా కావలసిన శక్తిలో కొంత బ్యాటరీకి చేర్చును. త్రీఫేజు విద్యుత్ రైలింజనులు బ్రేకువేళ పై తీగకు విద్యుత్తును తిరిగి యిచ్చుట మనలో చాలమంది యెరిగినదే.

ఈ భావము క్రొత్తది కాదు. 1900లోనే ఫెర్డినాండు పోర్షే ఇట్టి బండిని నిర్మించెను. 1997 డిసెంబరులో జపానులో టొయోటా ప్రియస్ విక్రయమునకు వచ్చిన పిమ్మట ఇది సామాన్యులకు అందినది.

ఇక ఆపద మాట. పెట్రోలు కారు యంత్రము ఆగినచో చప్పుడాగును. బండి ఆగినదని మనకు తెలియును. హైబ్రిడ్ కారు చప్పుడు లేకయే కదలుటకు సిద్ధముగా నుండవచ్చును. ప్రియస్ వంటి కారులలో పెద్ద బ్యాటరీ బలము దాదాపు 200 వోల్టులు. ఆ విద్యుత్తు ప్రవహించు తీగలకు నారింజ రంగు తొడుగుండును. దీపములు మొదలగు వానికి 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేరుగా నుండును.

రాయపూరు–దుర్గు రహదారిపై ఇట్టి కారు ప్రమాదమునకు గురియైనదనుకొనుడు. బండికి ఎదురుగాగాని వెనుకగాగాని నిలువరాదు. చక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. చేయి అందినచో గేరును పార్కింగులో నుంచి, చేతిబ్రేకు వేసి, పవరు మీట నొక్కి బండిని ఆపి, తాళమును దూరముగా నుంచవలెను. 112కు ఫోను చేసి, ఇది హైబ్రిడ్ కారని తప్పక చెప్పవలెను.

లోపలివారిని తాకినచో షాకు కొట్టునను భయము చాలమందికి కలదు. ఆ భయముతో గాయపడినవారిని వదలివేయుట అన్యాయము. అధిక వోల్టేజి వలయము కారు లోహపు చట్రమునకు తగులకుండ వేరుగా నమర్చబడి యుండును. తాకరానివి నారింజ తీగలు, చితికిన బ్యాటరీ. శిక్షణ పొందినవారు చిన్న బ్యాటరీని విడదీసిన తరువాతను కెపాసిటరులలో కొన్ని నిమిషములు విద్యుత్తు నిలిచియుండును. పెద్ద బ్యాటరీలో ఎల్లప్పుడును ఉండును. 25,000 వోల్టుల రైలు తీగకు సరఫరా నిలిపినను, భూమికి కలుపనిదే మన సిబ్బంది దానిని ముట్టరు గదా!

బ్యాటరీ నుండి పొగగాని బుసగాని వెడలినచో అందరును గాలి వచ్చు వైపునకు తొలగవలెను. ఆ మంటను చల్లార్చుటకు విస్తారముగా నీరు కావలెను. అది అగ్నిమాపక దళము వారి పని. ఆరిన బ్యాటరీ కొన్ని గంటలకు, ఒక్కొక్కపుడు కొన్ని దినములకు మరల రగులవచ్చును. కావున అట్టి బండిని ఇండ్లకు కనీసము 15 మీటరుల దూరమున నుంచవలెను. వరదలో మునిగిన బండిని స్టార్టు చేయరాదు.

2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటరుల షోరూము నందు లేచిన నిప్పు వలన పొగ పైనున్న హోటలులోనికి వ్యాపించి 8 మంది మరణించిరి. అది హైబ్రిడ్ కారు ప్రమాదము కాదు. అయినను మంటకు ముందే పొగ ప్రాణము తీయునని అది మనకు నేర్పినది. కనుక మెట్లక్రింద, వాకిలికి అడ్డముగా బ్యాటరీ బండ్లను నిలుపరాదు, చార్జి చేయరాదు.

నిశ్శబ్దముగా నున్నదెల్ల నిర్జీవము కాదు. పట్టాలపై మన రైల్వే సోదరులు ప్రతిదినము పాటించు ఈ నియమమును రహదారిపై మనమందరము పాటింతుము గాక. ఈ నాలుగు మాటలు మీ పిల్లలకును చెప్పుడు. సెలవు.