జయించిన పిమ్మట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రామపు లెక్కలు వ్రాసుకొను నావంటివానిని యుద్ధములను గూర్చి మాటాడుమనుట మీకు వింతగా తోచవచ్చును. కత్తి పట్టుట నే నెరుగను. కాని నేడు నేను చెప్పబూనినది కత్తి ఒరలో పెట్టిన మరునాటి సంగతి. ఆనాడు కావలసినవాడు లెక్కలవాడే. ఓడిన దేశమున ధాన్య మెంత యున్నది? దాని నెవరు పంచవలెను? భూమి యెవరిది? బడు లెప్పుడు తెరవవలెను? న్యాయస్థానమున నెవరు కూర్చుండవలెను? ఈ ప్రశ్నలకు ఫిరంగి ప్రత్యుత్తర మీయజాలదు.

మన పూర్వు లీ సంగతి నెరుగుదురు. వాల్మీకి రామాయణమున విభీషణునకు పట్టాభిషేకము రెండుమారులు జరిగెను. రెండవది రావణవధానంతరము లంకలో. మొదటిది సముద్రపు టొడ్డున, సేతువునకు ఒక్క రాయియైన వేయకముందు. గెలువని రాజ్యమునకు అభిషేక మేమని చిన్ననాట నేను సందేహించితిని. ఇప్పుడు తెలియుచున్నది. గెలిచిన పిమ్మట లంక నెవ రేలవలెనో నిశ్చయించుకొనియే రాముడు కడలి దాటెను. జయించిన రాజు ప్రజలకు అభయ మిచ్చి, ఓడినవాని వంశమువానినే గద్దె నెక్కించి, ఆ దేశపు ఆచారములనే ప్రమాణముగా నుంచవలెనని మనుస్మృతి సప్తమాధ్యాయము విధించుచున్నది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున కోటల ముట్టడి చెప్పు పదమూడవ అధికరణమును "లబ్ధప్రశమనము"తో ముగించెను. లభించిన దేశమును శాంతింపజేయుట యని దాని భావము. విజేత ఆ ప్రజల వేషభాషలను, పండుగలను, దేవతలను ఆదరింపవలెను, చెరలోనివారిని విడువవలెను, దీనులను, రోగులను ఆదుకొనవలెను.

ఈ ధర్మము ఆధునిక కాలమున నెట్లు పరీక్షింపబడెనో తెలియుటకు జపాను దేశమును చూతము. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసిన సంగతి మన పెద్దలు కథలుగా చెప్పుచుండెడివారు. అప్పటికి సింగపూరు పడిపోయినది. జపానునకు ఓటమి యనునది కానరాని కాలమది. సరిగా ఆ మరుసటి నెలలో అమెరికావారు వర్జీనియా విశ్వవిద్యాలయమున సైనిక పాలనను నేర్పుటకు ఒక పాఠశాల తెరచిరి. తరువాత మరికొన్ని విశ్వవిద్యాలయములలో జపాను భాషను, ఆ దేశపు పాలనావిధానమును ఉద్యోగులకు బోధించిరి. 1944లో రూత్ బెనెడిక్ట్ అను విదుషిని జపాను ప్రజల స్వభావమును పరిశీలించుమని ప్రభుత్వము కోరెను. యుద్ధసమయ మగుటచే ఆమె జపాను పోవుటకు వీలు లేదు. గ్రంథములు చదివి, చలనచిత్రములు చూచి, అమెరికాలోని జపానీయులతో మాటాడి ఆమె తన పరిశోధన సాగించెను. శత్రువును తెలిసికొనుటకు ఆ రాజ్యము గ్రంథాలయము నాశ్రయించెనని మనము గమనింపవలెను.

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి పట్టణములపై అణుబాంబులు పడెను. ఆ పాపమును ఏ సుపాలనయు కడుగజాలదు. జపాను లొంగిపోయి, సెప్టెంబరు 2వ తేదీన పత్రముపై సంతకములు జరిగెను. ఆ మరునాడే పెద్ద చిక్కు వచ్చినది. దేశమంతటను నేరుగా సైనిక పాలన నెలకొల్పుటకు, సైనిక నాణెమును చెల్లించుటకు శాసనపత్రములు సిద్ధమై యుండెను. విదేశాంగ మంత్రి షిగెమిత్సు సేనాని మెకార్థరును కలిసికొని, అట్లు చేసినచో ప్రజలకు తమ ప్రభుత్వముపై విశ్వాసము నశించి కల్లోలము పుట్టునని విన్నవించెను. మెకార్థర్ ఆ పత్రములను ఉపసంహరించెను. చక్రవర్తి నిలిచెను, మంత్రులు, ఉద్యోగులు, గ్రామాధికారులు తమతమ స్థానములలో పని చేసిరి, ఆజ్ఞలు మాత్రము విజేతవి. క్రొత్తగా వచ్చిన లెక్కలవాడు పాత దస్తరములు చింపివేసినచో ఏ పొల మెవరిదో, ఏ శిస్తు ఎవరు బాకీయో తేలదు. దస్తరముల నుంచుకొని తప్పుడు పద్దులను దిద్దుటయే తెలివి.

ఆ దిద్దుబాటులో ముఖ్యమైనది భూసంస్కరణ. అంతకుముందు జపాను సాగుభూమిలో రమారమి నూటికి 46 వంతులు కౌలుకింద నుండెను. 1946 అక్టోబరు చట్టముచే, పరగ్రామమున నివసించు భూస్వాముల కౌలుభూమి నంతను ప్రభుత్వమే కొని సాగుదారులకు అమ్మెను. ఊరిలోనే యుండు భూస్వామికి చాలచోట్ల సుమారు రెండున్నర ఎకరముల కౌలుభూమి మాత్రమే మిగిలెను. ప్రతి గ్రామ సంఘమునను కౌలుదారులు 5గురు, భూస్వాములు 3గురు, స్వంత సాగుదారులు 2గురు కూర్చుండి లెక్క తేల్చిరి. కొలది యేండ్లలో కౌలుభూమి నూటికి 10 వంతులకు దిగెను. నాణెపు విలువ పడిపోయినందున భూస్వాములకు దక్కిన వెల నామమాత్రమయ్యెను. వారి బాధయు లెక్కలోనిదే. అయినను, కోట్లకొలది సైన్యము చేయలేని శాంతిని ఆ గ్రామ సంఘములు చేసినవని నా నమ్మకము.

1946 ఫిబ్రవరిలో క్రొత్త రాజ్యాంగపు చిత్తుప్రతిని విజేతల కార్యాలయము వారము దినములలో సిద్ధపరచెను. అందు పాల్గొన్న బియాట్ సిరోటా అను 22 ఏండ్ల యువతి టోక్యో గ్రంథాలయములకు జీపులో తిరిగి పలుదేశముల రాజ్యాంగ గ్రంథములను ప్రోగుచేసి తెచ్చెను. వివాహమున స్త్రీపురుషులు సమానులను నిబంధనకు మూలము ఆమె వ్రాతయే.

దోషములను దాచరాదు. ప్రజాస్వామ్యమును బోధించిన ఆ విజేతలే పత్రికలను పరిశీలకుల చేతికిచ్చి, అణుబాంబు వార్తలను అణచిరి. 1952 ఏప్రిల్ 28వ తేదీన జపాను స్వతంత్రమయ్యెను గాని, ఒకినావా 1972 వరకు తిరిగి రాలేదు. వేరొక ఒడంబడికచే అమెరికా సేనలు నిలిచియే యున్నవి. ఇట్టి కారణములచే భారతదేశము సాన్‌ఫ్రాన్సిస్కో సంధిలో చేరక, 1952 జూన్ 9వ తేదీన జపానుతో వేరుగా సంధి చేసికొని, యుద్ధనష్ట పరిహారమును విడిచిపెట్టెను.

ఇక దీనికి ప్రతిపక్షముగా 2003లోని ఇరాకును చూడుడు. అమెరికా విదేశాంగ శాఖవారు ముందటి యేడే ఆ దేశపు భవిష్యత్తును గూర్చి సంపుటములు సిద్ధపరచిరి. వానిని లెక్కింపకయే సేన నడచెను. ఏప్రిల్ 9వ తేదీన బాగ్దాదు పడెను. చమురు మంత్రిత్వ శాఖ భవనమునకు కావలి యుండెను. జాతీయ గ్రంథాలయమునకు లేదు. అది దోపిడిపాలై, కాలిపోయెను. మే 23వ తేదీన ఒక్క యాజ్ఞచే ఇరాకు సైన్యమును రద్దుచేసిరి. ఆయుధము తెలిసి, జీతము పోయిన లక్షలమంది వీధినపడిరి. పిమ్మట ప్రవహించిన రక్తమునకు ఆ దినములే నాంది.

సోదరులారా! పరదేశము నాక్రమించుట ధర్మమని నే ననలేదు. గెలిచిన మరునాడు ఓడిన ప్రజలకు తానేమి బాకీ పడునో ముందుగా లెక్క వ్రాసికొననివాడు యుద్ధమునకు పోవుటకే అర్హుడు కాడని మాత్ర మనుచున్నాను. ఆ లెక్కలో కడపటి పద్దు తిరిగి యిచ్చుట. మన గ్రంథాలయపు నియమము మీ రెరుగుదురు. ఎరవు తెచ్చుకొన్న పుస్తకమున పుటలు చింపరాదు, అంచులపై మన వ్రాతలు వ్రాయరాదు, గడువు దాటరాదు. ఓడిన దేశమును విజేత చేతిలో అట్టి పుస్తకమే.

ఇరువదియైదేండ్లుగా మనకీ నియమమును నేర్పిన ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక. సెలవు.