గ్రంథకర్త దినచర్య – మితవ్యయము
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



స్వంత ధనముతో గ్రంథముల నచ్చువేయించుకొను రచయిత యెట్లు జీవింపవలయునో చెప్పుమని కార్యవర్గమువారు మమ్మాదేశించిరి. ఉద్యోగవిరమణానంతరము మేము నాలుగు చిన్న పుస్తకములను స్వయముగా ప్రకటించి, సంచిలో మోసికొని యూరూర నమ్మినవారమగుటచే ఈ భారము మాపై బడినది కాబోలు. మన సంఘమున కవులకును, శతకకర్తలకును, స్థలచరిత్రలు వ్రాయువారికిని కొఱత లేదు. కాని వారిలో పలువుర యిండ్లలో మంచముల క్రింద అట్టపెట్టెలున్నవి. ఆ పెట్టెలలో వారి గ్రంథములే యున్నవి. కొన్ని యిండ్లలో ఆ పెట్టెలకొఱకు ఇల్లాలి మెడలోని గొలుసు తాకట్టునకు బోయినది. నిండుసభలో నీమాట యనుట మర్యాద కాదని యెఱుగుదుము. అయినను దీనిని విడిచినచో ఈ విషయమునుగూర్చి చెప్పదగినది మిగులదు.

మమ్మటాచార్యుడు కావ్యప్రయోజనముల నాఱింటిని చెప్పుచు, కీర్తి తరువాత రెండవదిగా ధనమును నిలిపెను. దానిని చదివి భ్రమపడరాదు. నాటి కవికి ధనము ప్రధానముగా ప్రభువుల యాదరమున వచ్చెడిది. అంగడిలో పుస్తకము కొనువారివలన కాదు. 1948వ సంవత్సరమున మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టము పుట్టుటతో మన దేశమున జమీందారుల పోషణము సైతము తీఱినది. ఇపుడు గ్రంథకర్తయే కవి, తానే ప్రభువు, తానే లేఖకుడు, తానే బండివాడు.

ఇట్టి వానికి మమ్మటునికంటె రాజశేఖరుడు మిక్కిలి యుపకారి. క్రీ.శ. 900 ప్రాంతమున కన్యాకుబ్జ ప్రభువుల కొలువున నుండిన యా పండితుడు తన కావ్యమీమాంస పదవ యధ్యాయమున కవి దినచర్యను యామములవారీగా విభజించి చెప్పెను. ఉదయమున సంధ్య వార్చి శాస్త్రకావ్యముల నభ్యసింపవలెను. రెండవ యామమున రచన. మధ్యాహ్నమున స్నానభోజనములు, పిదప కావ్యగోష్ఠి. నాలుగవ యామమున, ఉదయమున వ్రాసినదానిని ఒంటరిగానో కొలదిమంది మిత్రులతోనో కూర్చుండి పరీక్షింపవలెను. రసావేశమున వ్రాయువానికి వివేచనదృష్టి యుండదు గనుక, అధికమైనదానిని త్రోసివేయుట, తక్కువైనదానిని పూరించుట, స్థానము తప్పినదానిని మార్చుట, మఱచినదానిని స్మరించుట యపుడు చేయవలెనట. సాయంకాలము దాటినపిదప పరిశుద్ధమైనదానిని వ్రాసియుంచి నిద్రింపవలెను. వేయేండ్లకు బైబడిన యీ మాటలలో ఒక్కటియైన పాతబడినదా? నేటి రచయితలు ఉదయమున వ్రాసినదానిని సాయంకాలమునకు ముందే సెల్‌ఫోనులో నలుగురికి బంపుచున్నారు. నాలుగవ యామము వారి దినమున లేదు.

అయితే రోజంతయు తనదియైనవానికి గదా ఈ నియమము, కడుపుకొఱకు పనిచేయువాని సంగతి యేమి యని మీరడుగవచ్చును. దానికిని రాజశేఖరుడు తావిచ్చెను. కాలమునుబట్టి కవులను నాలుగు విధములుగా విభజించి, వారిలో నొకనికి దత్తావసరుడని పేరుపెట్టెను. సేవాదులకు భంగము రానీయక, దొరకిన యవకాశమున వ్రాయువాడు దత్తావసరుడు. తెల్లవారుజామును, భోజనానంతరమును, వాహనముపై బోవు సమయమును ఇతనికి రచనాకాలములుగా జెప్పినాడు. మన వీరేశలింగము పంతులుగారు (1848-1919) ఇట్టివారే. ఆయన జీవనము ఉపాధ్యాయవృత్తి. 1874లో వివేకవర్ధనిని స్థాపించి, మొదట చెన్నపట్టణమున అచ్చువేయించి, పిదప రాజమహేంద్రవరముననే ముద్రాశాలను సమకూర్చుకొనిరి. బడిజీతము ఇల్లు గడుపుచుండగా కలము స్వేచ్ఛగా నడచినది. కలమే యిల్లు నడపవలసి వచ్చినచో ఎవరినెవరిని మెప్పింపవలసి వచ్చెడిదో!

మేమును దత్తావసరులమే. ముప్పదియేండ్లు బడిలో విభక్తులు చెప్పుచు తెల్లవారుజామున వ్రాసితిమి. ఇపుడును నాలుగు గంటలకే మెలకువ వచ్చును. ఆఱుగంటలవఱకు వ్రాయుదుము, ఒక పుటయైన చాలును. పాలవాడు వచ్చినచో కలము మూయుదుము. కాగితము వెల పెట్టి కొనుట లేదు. పాత ప్రశ్నపత్రముల వెనుకవైపు చిత్తుప్రతికి చక్కగా నుపకరించును. చదువదగిన పుస్తకము మొదట గ్రంథాలయమున వెదకి, రెండవసారి చదువవలెనని తోచినపుడే కొందుము. కాని కన్నద్దములయందును, దీపమునందును, కూర్చుండు కుర్చీయందును పొదుపు చూపము. పాలు మానివేసి పుస్తకము వేయించినవారిని ఎఱుగుదుము. వైద్యునికి ముద్రాపకునికంటె నెక్కువ చెల్లించిరి. సాహిత్యసభలకు స్వంత ఖర్చులతో బోయి శాలువతో తిరిగివచ్చుట మాత్రము పూర్తిగా మానితిమి. శాలువలు పదునేడు కలవు. మా యూరిలో చలి యంత లేదు.

ఇంటి లెక్కయు పుస్తకపు లెక్కయు వేఱువేఱుగా నుండవలెను. ఇది మా యింటిలో శాసనము. మొదటి పుస్తకమునకు పింఛనునుండి రెండేండ్లు కొంచెము కొంచెము కూడబెట్టితిమి. రెండవదానిని మొదటిది అమ్మగా వచ్చిన సొమ్ముతోనే వేసితిమి. అది చాలనందున పదునాలుగు నెలలు ఆగితిమి. ఆ పదునాలుగు నెలలలో వ్రాతప్రతి రెండుసార్లు తిరుగవ్రాయబడి నలువది పుటలు తగ్గినది. అప్పుచేసి తొందరపడినచో ఆ నలువది పుటలను పాఠకులు భరింపవలసి వచ్చెడిది.

పుటలు తగ్గుట యనగా ధనము తగ్గుటయే. ఆఫ్‌సెట్ ముద్రణమున పుస్తకము సాధారణముగా పదునాఱు పుటల ఫారముల లెక్కన సాగును. 128 పుటలకు ఎనిమిది ఫారములు సరిగా సరిపోవును. ఒక్క పుట పెరిగినచో తొమ్మిదవ ఫారమునకు తావిచ్చినట్లే. అభిప్రాయములు, ఆశీస్సులు, అభినందనలు అని ముందు చేర్చు పుటలు చాలమాఱు ఈ తొమ్మిదవ ఫారమును తెచ్చిపెట్టుచున్నవి. ఇక ప్రతుల సంఖ్య. వేయి వేయించినచో ప్రతి యొక్కటికి ఖర్చు తగ్గునని ముద్రాపకుడు చెప్పును. అది నిజమే, అక్షరకూర్పునకును ప్లేట్లకును అగు వ్యయము నూఱు ప్రతులకైనను వేయింటికైనను ఒక్కటే గదా. కాని అమ్ముడుపోని యేడువందల ప్రతులు చౌకగా వచ్చినవని సంతసించుట యెట్టి లెక్క? ఇపుడు డిజిటల్ యంత్రముపై ఏబది ప్రతులైనను తీయుదురు. ప్రతికి కొంత హెచ్చు పడినను మంచము క్రింద ఖాళీగా నుండును. పుస్తకము వెల 150 రూపాయలనుకొందము. అంగడివానికి నూటికి నలువది తగ్గింపు ఇచ్చినచో మనకు వచ్చునది 90. ముద్రణకు 80 పడినచో, తపాలాఖర్చు పెట్టకముందే లాభము పది రూపాయలు. ఈ లెక్క వ్రాతప్రతి ముగియకముందే వేసికొనవలెను. ఐఎస్‌బీఎన్ సంఖ్యను మన ప్రభుత్వసంస్థ ఉచితముగనే యిచ్చుచున్నది. దానికై మధ్యవర్తికి వేలకువేలు సమర్పించినవారు మన సభలోనే యున్నారు.

ఒక ప్రకాశకుడు ముందుకు వచ్చినచో సంతోషమే. కాని కాగితము చదువకుండ చేవ్రాలు చేయరాదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము హక్కు రచయిత జీవితకాలమును, మరణానంతరము అఱువదియేండ్లును నిలుచును. దానిని బదలాయించుట వ్రాతపూర్వకముగ జరుగవలెను. గడువు వ్రాయనిచో అయిదేండ్లని చట్టము భావించును. అఱువదియేండ్లనగా మనుమల కాలము. వారి సొత్తును ఒక సాయంకాలపు కాఫీకి వ్రాసియిచ్చుట తగదు.

రాజశేఖరునివద్దకు మఱల వచ్చెదము. ముగిసిన గ్రంథమును పెక్కు ప్రతులుగా వ్రాయింపుమని చెప్పి, గ్రంథము నశించుటకు హేతువులను లెక్కించెను. ఒరులవద్ద దాచుట, అమ్ముట, దానమిచ్చుట, దేశత్యాగము, అల్పాయువు, అగ్ని, జలము మొదలగునవి. ఇంత చెప్పిన యాతని కావ్యమీమాంసకు పదునెనిమిది యధికరణములు ఉద్దేశింపబడగా నేడు మొదటి దొక్కటియే మనకు దక్కినది! అదియు 1916లో బరోడానుండి గైక్వాడు ప్రాచ్యగ్రంథమాలకు మొదటి సంపుటముగా అచ్చగుటచే లోకమునకు తెలిసినది. పోతన భాగవతమునందలి శిథిలభాగములను గంగన, సింగన, నారయలు పూరించిరని పెద్దలు చెప్పుదురు. కావున 1954 చట్టమును శిక్షగా నెంచక, పుస్తకము వెలువడిన ముప్పది దినములలో కలకత్తా జాతీయగ్రంథాలయమునకును, చట్టము పేర్కొన్న తక్కిన మూడు గ్రంథాలయములకును ప్రతులు పంపవలెను. తన గ్రంథమునకు తానే ప్రకాశకుడైనవానికి ఆ విధి తనదే. వేటపాలెము సారస్వత నికేతనము వంటి మన గ్రంథాలయములకును ఒక్కొక్క ప్రతి పంపుట మేలు. కంప్యూటరులోని ప్రతిని మూడు తావుల దాచుకొనవలెను.

ఇక దాతలకు మనవి. మీరు పుస్తకావిష్కరణకు పందిరి వేయింతురు, భోజనములు పెట్టింతురు, పూలదండలు తెప్పింతురు. ఆ సొమ్ము గ్రంథకర్తకు చేరదు. దానిలో సగము పెట్టి ఏబది ప్రతులను పూర్తి వెలకు కొని, మీ యూరి యున్నత పాఠశాలకును, వివాహమునకు వచ్చిన బంధువులకును ఇయ్యుడు. స్టీలు గిన్నెలు అందఱి యిండ్లలోను చాలినన్ని యున్నవి. ఉచితప్రతి యడుగకుడు. అన్నగారూ, ఒక ప్రతి పంపండి, చదివి అభిప్రాయము చెప్పెదనని యనువారు చదువరు. వెల యిచ్చినవాడే చదువును. మన సంఘనిధినుండి ముద్రణకు సాయమీయదలచినచో ముందుగా రొక్క మీయక, అచ్చయిన ప్రతులను కొనుటయే పద్ధతిగా నేర్పఱుపవలెనని కార్యవర్గమును ప్రార్థించుచున్నాము. ఈ తీర్మానమును రేపటి సమావేశమున వ్రాతపూర్వకముగ సమర్పింతుము.

సభాద్వారమునకు ఎడమప్రక్క బల్లపై మన సంఘరచయితలు పదునొకండుగురి పుస్తకములున్నవి. వెల అట్టపై ముద్రితమై యున్నది. చిల్లర మాయొద్ద కలదు.