ఏడు దాటి ఎనిమిదికి: ఈ వేసవిలో మన పని

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ పంతుళ్ల తరఫున నాలుగు మాటలు చెప్పమన్నారు. 7వ తరగతి పూర్తి చేస్తున్న మన పిల్లల గురించే చెబుతాము.

మన ఉర్దూ బడి 7తో అయిపోతుంది. ఆపైన హైస్కూలు. అక్కడ పాఠం ఇంగ్లీషులోనో, తెలుగులోనో. 7లో ఎవరినీ ఆపే పద్ధతి లేదు గనుక భిన్నాలు వచ్చినవాడూ, రానివాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. జూన్, జూలై నెలల్లో మన పిల్లవాడు నోరు మెదపడు. "మీవాడికి బుర్ర లేదు" అంటారు. మేము ఒప్పుకోము. బుర్ర ఉంది, మాట లేదు.

ఒక ఉదాహరణ చూడండి. వృత్తంలో వ్యాసంలో సగాన్ని మేము నిస్ఫ్ ఖుతర్ అని చెబుతాము. నిస్ఫ్ అంటే సగం, ఖుతర్ అంటే వ్యాసం. తెలుగు పుస్తకంలో అదే వ్యాసార్ధం. మాటకు మాట సరిపోయింది. ఇంగ్లీషులో రేడియస్ అనేసరికి ఆ సగం కనబడదు. పిల్లవాడు ఇదేదో కొత్త పాఠమని బెదిరిపోతాడు. ఆకు ఎండలో ఆహారం తయారు చేసుకోవడం మాకు జియాయీ తాలీఫ్, తెలుగులో కిరణజన్య సంయోగక్రియ, ఇంగ్లీషులో ఫోటోసింథసిస్. మూడు పేర్లలోనూ వెలుగు ఉంది. ఆ సంగతి చెప్పేవాళ్లు కావాలి, అంతే.

అందుకని వేసవిలో ఐదు వారాలు, ఎండ ముదరకముందే పొద్దున 7 నుంచి 9 దాకా తరగతి పెడదాము. 8వ తరగతి పుస్తకం ముందుగానే మొదలుపెట్టమని కొందరు తండ్రులు అడుగుతున్నారు. అది వద్దు. ఎక్కాలు, భిన్నాలు, శాతాలు గట్టిపడాలి. ప్రతి పిల్లా మూడు గళ్ల నోటుబుక్కు పెట్టాలి: ఉర్దూ మాట, తెలుగు మాట, ఇంగ్లీషు మాట. రోజుకు పది మాటలు రాసినా, ఐదు వారాల్లో మూడు వందలు. రోజూ ఒక పేజీ పైకి చదవాలి. తప్పు చదివితే నవ్వేవాళ్లు ఆ గదిలో ఉండకూడదు.

ఇంకొక సంగతి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో 8వ తరగతి చదివే పిల్లలకు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. 2008లో వచ్చిన పథకం ఇది. నెగ్గితే 9 నుంచి 12 దాకా, చదువు సాగినంత కాలం, ఏడాదికి 12,000 రూపాయలు. కుటుంబం ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. పేపర్లు రెండు, ఒక్కోదానిలో 90 ప్రశ్నలు. ఒకటి తర్కానికి, ఒకటి పాఠాలకు. పాఠాల పేపరులో 7వ తరగతివీ అడుగుతారు. అంటే ఈ వేసవిలో నేర్చింది ఆ పరీక్షకూ పనికొస్తుంది. ఆదాయం సర్టిఫికెట్టు ఇప్పుడే తెచ్చుకోండి. బడి రికార్డులో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పిల్ల పేరు ఒకే తీరుగా ఉందో లేదో చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత తిరుగుడే.

తండ్రులకు మనవి. సెలవుల్లో సొంత దుకాణంలో కాస్త చేయి సాయం చేస్తే తప్పు లేదు. మెకానిక్ షెడ్డుకో, పరాయి కొట్టుకో కూలికి పంపకండి. 14 ఏళ్లలోపు పిల్లల్ని అలా పెట్టడం 2016 సవరణతో పూర్తిగా నిషేధం. చట్టం సంగతి అలా ఉంచినా, మే నెలలో చేతికి డబ్బు రుచి తగిలినవాడు జూన్‌లో తిరిగి రావడం కష్టమని మేము చూస్తూనే ఉన్నాము.

తల్లులకు మనవి. హైస్కూలు దూరమని ఆడపిల్లను 7తో మాన్పించకండి. ఒక వీధి పిల్లలు నలుగురు కలిసి నడిస్తే దూరం దూరంగా ఉండదు. వేసవి తరగతికి అలా కలిసి వస్తే, జూన్‌లో హైస్కూలుకూ ఆ జట్టే నడుస్తుంది.

సంఘాన్ని మేము అడిగేది ఒక గది, రెండు ఫ్యాన్లు, మంచినీళ్లు, నోటుబుక్కులు. చెప్పడానికి మేము ఉన్నాము. డిగ్రీ చదివే మన అమ్మాయిలు, అబ్బాయిలు ఇద్దరు ముగ్గురు తోడొస్తే చాలు. పేర్లు ఈ రోజే కార్యదర్శిగారికి ఇచ్చి వెళ్లమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.