ఒక్క కొలతతో తీర్పు చెప్పవద్దు
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో ఒక వైద్యుని ప్రసంగ పాఠం)

 

వైద్యం చదవాలనుకునే పిల్లలు మీలో ఉన్నారు కనుక, నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను.

హోసూరులో నా క్లినిక్కుకు ఒక పెద్దావిడ వచ్చారు. బి.పి. 162/98. మరోసారి వచ్చినప్పుడూ దాదాపు అంతే. మాత్రలు రాశాను. నెల తిరక్కుండానే ఆవిడ తెల్లవారుజామున లేచి నిలబడి, కళ్లు తిరిగి పడిపోయారు. అదృష్టవశాత్తు ఎముక విరగలేదు. "మీ గదిలోకి వస్తేనే గుండె దడ నాయనా" అన్నారు. ఆ మాట నేను ముందే అడిగి తెలుసుకోవలసింది.

మాత్రలు ఆపించి, కొన్ని వారాల తరువాత 24 గంటల బి.పి. పరీక్ష చేయించాను. చేతికి పట్టీ, నడుముకు చిన్న యంత్రం కడతారు. అది పగలు 20, 30 నిమిషాలకొకసారి, రాత్రి కొంచెం ఎడంగా కొలుస్తుంది. రోజువారీ పనులు చేసుకోవచ్చు. పట్టీ బిగిసినప్పుడు మాత్రం చేయి కదపకూడదు. నిద్రపోయిన వేళ, లేచిన వేళ రాసిపెట్టాలి.

పగటి సగటు 135/85, రాత్రి సగటు 120/70, మొత్తం సగటు 130/80 దాటితే రక్తపోటు ఉన్నట్లు లెక్క. ఆవిడ పగటి సగటు 126/76. డాక్టరును చూస్తే పెరిగే ఈ బి.పి.ని 'వైట్ కోట్' రక్తపోటు అంటారు. మాత్రలు మానినా, ఏటా పరీక్ష తప్పదు.

దీనికి తలకిందుల రకమూ ఉంది. క్లినిక్కులో మామూలుగా ఉండి, ఇంట్లోనో, పనిలోనో పెరుగుతుంది. మామూలుగా నిద్రలో బి.పి. 10 నుంచి 20 శాతం తగ్గాలి. కొందరికి తగ్గదు. వారికి గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఎక్కువ. ఇది పగటి కొలతలో దొరకదు. బ్రిటన్‌లో 2011 నుంచి, క్లినిక్కులో 140/90 దాటినవారికి ఈ పరీక్షతో నిర్ధారించుకోమని వైద్యులకు సూచన ఉంది.

ఈ పరీక్ష అందుబాటులో లేకపోతే, చేతిపట్టీ యంత్రంతో ఇంట్లోనే వారం రోజులు ఉదయం, సాయంత్రం కూర్చుని రెండేసి సార్లు కొలవండి. మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగతావాటి సగటు డాక్టరుకు చూపండి. సొంతంగా మాత్రలు మాత్రం ఆపకండి.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. భయపడుతూ రాసిన ఒక్క పరీక్ష మార్కుతో పిల్లవాణ్ణి తూచకండి. ఏడాది పొడవునా చూడండి.