ఒకే తరగతి, ఒకే నౌక



కాన్‌బెరాలోని హారిసన్‌లో పెరిగి పట్టాలందుకున్న మీకు ఈ ఆస్ట్రేలియా దేశపు నావికుడి కథే చెబుతాను. జాన్ కాలిన్స్ 1899లో టాస్మేనియాలో పుట్టారు. తండ్రి అప్పటికే పోయారు. 1913లో, పద్నాలుగేళ్లకే, గీలాంగ్‌లో కొత్తగా తెరిచిన నౌకాదళ కళాశాలలో చేరారు. ఆ తొలి తరగతిలో 28 మంది. వారిలో జోసెఫ్ బర్నెట్ ఒకరు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేలోపే ఈ కుర్రాళ్లు బ్రిటిష్ నౌకలెక్కారు.

1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ గురించి మన పెద్దలు చెప్పుకునేవారు. దాని పీడ వదిలించింది సిడ్నీ అనే ఆస్ట్రేలియా నౌకే. అదే పేరుతో తర్వాత వచ్చిన క్రూయిజర్‌కు 1939లో కాలిన్స్ కెప్టెన్ అయ్యారు.

1940 జూలై 19న క్రీట్ దగ్గర నాలుగు బ్రిటిష్ డిస్ట్రాయర్లను రెండు ఇటలీ క్రూయిజర్లు తరిమాయి. కాలిన్స్‌కు అప్పగించిన గస్తీ ఏథెన్స్ వైపు. కానీ డిస్ట్రాయర్లకు అవసరం పడవచ్చని ఊహించి ఆయన వాటికి చేరువలోనే ఉన్నారు. కబురందగానే, తన జాడ శత్రువుకు తెలియకుండా వైర్‌లెస్ వాడకుండానే వచ్చిపడ్డారు. కొలియోని అనే ఇటలీ క్రూయిజర్ మునిగింది. సిడ్నీకి తగిలింది పొగగొట్టం మీద ఒక్క గుండు. నీళ్లలో పడ్డ ఇటలీ నావికులను 500 మందికి పైగా డిస్ట్రాయర్లు కాపాడాయి. ఆ విజయంకన్నా అంతకుముందు చేసిన ఊహే నాకు గొప్పగా కనిపిస్తుంది.

1941 మేలో సిడ్నీ పగ్గాలు బర్నెట్ చేతికొచ్చాయి. నవంబరు 19న, డచ్చి వర్తక నౌక వేషంలో ఉన్న జర్మనీ నౌక కోర్మొరాన్‌తో పోరు జరిగింది. రెండూ మునిగాయి. సిడ్నీలోని 645 మందిలో ఒక్కరూ మిగల్లేదు. 2008 దాకా శిథిలమే దొరకలేదు. అంత దగ్గరికి ఎందుకెళ్లారని బర్నెట్‌ను తప్పుపట్టేవారున్నారు. ఆయన ఏం చూశారో, ఏమనుకున్నారో చెప్పడానికి ఆ ఓడలో ఎవరూ బతకలేదు. అందుకే ఆ తీర్పు నాకు న్యాయంగా తోచదు.

1944 అక్టోబరులో, లేటే గల్ఫ్‌లో, కాలిన్స్ ఉన్న నౌకను శత్రువిమానం ఢీకొంది. కెప్టెన్ ప్రాణాలు కోల్పోయారు, కాలిన్స్ తీవ్రంగా గాయపడ్డారు. కోలుకుని 1948 నుంచి 1955 వరకు నౌకాదళాధిపతిగా పనిచేశారు. ఆస్ట్రేలియా ఇప్పటి జలాంతర్గాములకు ఆయన పేరే పెట్టారు. అయినా తన ఆత్మకథ పేరులో ఆయన చోటిచ్చింది అదృష్టానికి.

బర్నెట్ పేరు మన కాన్‌బెరా యుద్ధ స్మారకంలో, కంచు పలకల మీద ఉంటుంది. అక్కడ పేర్ల పక్కన హోదాలుండవు. ఈ సెలవుల్లో వెళ్లండి. ఆయన పేరు చదవండి. దానితోపాటు ఆ ఓడలోని మిగతావారి పేర్లూ చదవండి.