విమానయానం – పద్దులోకి రాని ఖర్చు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో విమానం అంటే తలెత్తి చూసేదే. ఇవాళ మనలో చాలామంది పిల్లలు విదేశాల్లో ఉన్నారు. అటో ఇటో విమాన ప్రయాణం తప్పడం లేదు. కనుక ఈ విషయం మనకు దూరమైనది కాదు.

లెక్కలు మనకు అలవాటే కాబట్టి ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక లీటరు విమాన ఇంధనం మండితే సుమారు 2.5 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే మనం బళ్లో చదువుకున్న బొగ్గుపులుసు వాయువు, వెలువడుతుంది. నిండుగా వెళ్లే పెద్ద విమానంలో ఒక్కో ప్రయాణికుడి వాటాకు 100 కిలోమీటర్లకు దాదాపు 3 లీటర్లు ఖర్చవుతుంది. హైదరాబాదు నుంచి న్యూయార్కు వెళ్లి రావడం సుమారు 26,000 కిలోమీటర్లు. అంటే 780 లీటర్లు; దాదాపు 2 టన్నుల వాయువు. మన దేశంలో సగటు మనిషి వాటాకు ఏడాది మొత్తంమీద వచ్చేది ఇంచుమించు అంతే!

కొత్త విమానాలకు ఇంధనం తక్కువ చాలు కదా అని కొందరంటారు. నిజమే. 1990తో పోలిస్తే ఒక ప్రయాణికుణ్ణి ఒక కిలోమీటరు తీసుకెళ్లడానికి అయ్యే ఇంధనం 2019 నాటికి సగానికి తగ్గింది. కాని అదే కాలంలో ప్రపంచంలో ఏటా విమానమెక్కేవారు సుమారు 100 కోట్ల నుంచి 450 కోట్లకు పెరిగారు. అందువల్ల మొత్తం ఉద్గారాలు తగ్గకపోగా రెట్టింపై, 2019లో దాదాపు 100 కోట్ల టన్నులకు చేరాయి.

1997 నాటి క్యోటో ఒప్పందంలో అంతర్జాతీయ విమానాల ఉద్గారాలను ఏ దేశం ఖాతాలోనూ వేయలేదు. ఆ బాధ్యతను అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు వదిలారు. ఆ సంస్థ 2016లో ఒక పథకం తెచ్చింది. పెరిగిన ఉద్గారాలకు బదులుగా విమాన కంపెనీలు మరొకచోట జరిగిన తగ్గింపును కొనుక్కోవాలి. మన ఆఫీసు భాషలో ఇది సర్దుబాటు పద్దు. ఖర్చు మాత్రం తగ్గలేదు.

మనవలను చూడడానికి వెళ్లవద్దని నేననను. రెండుసార్లు వెళ్లే బదులు ఒకసారి వెళ్లి ఎక్కువ రోజులు ఉందాం. రాత్రి రైలెక్కితే తెల్లవారి దిగే తిరుపతికి, విశాఖపట్నానికి విమానం మానుకుందాం. 2020 మార్చిలో వృద్ధులకు రైలు రాయితీ నిలిపివేశారు. దాని పునరుద్ధరణ కోసం మన సంఘం రాసే వినతిపత్రంలో ఈ కారణాన్ని కూడా చేర్చాలని కార్యవర్గానికి నా మనవి.